డ్రమ్ము మీద ఎవరి పేరు?

పోయిన రంజాన్ ఈద్ అయిన వారానికి మా ఇంట్లో చిన్న హంగామా జరిగింది. ఇంటర్ చదువుతున్న మా అమ్మాయి ఫోన్‌ని వంటింట్లో చార్జింగ్‌కి పెట్టి స్నానానికి వెళ్లింది. స్క్రీన్ మీద సగంలో ఆగిన పాట పేరు కనిపిస్తోంది. 'లూజింగ్ మై రిలీజియన్'. మా బేగం కూడబలుక్కుని చదివి నన్ను కేకేసింది. "ఏజీ, జర దేఖో. పిల్ల దీన్ పోగొట్టుకునే పాటలు వింటోంది. మీకు పేపరు తప్ప ఇంట్లో ఏం జరుగుతోందో పట్టదు."

హెడ్డింగ్ చూసి వార్త మీద ఫైసలా ఇచ్చేవాళ్లని ఇన్నేళ్లుగా డెస్కులో కూర్చుని విసుక్కుంటున్నవాణ్ణి నేను. ఆ రోజు నేనూ అదే చేశా. అమ్మాయి బయటికి రాగానే గొంతు పెంచి అడిగా. అది తల తుడుచుకుంటూ ఒకే మాట అంది. "అబ్బూ, మీరు విన్నారా?"

వినలేదు. ఉర్దూ మీడియంలో పదో తరగతి, తెలుగులో డిగ్రీ. ఇంగ్లిషు రాక్ పాటలతో నాకు వాస్తా ఎప్పుడుంది? ఆ రాత్రి శర్మిందగీతోనే ఇయర్‌ఫోన్ పెట్టుకుని విన్నా. ఆ తర్వాత నెల రోజులు ఆ బ్యాండ్ వెనకాలే పడ్డా. ఆర్.ఈ.ఎం. అని దాని పేరు. ఇవాళ మీతో చెప్పాలనుకుంటున్నది వాళ్ల గురించే. మ్యూజిక్ జాయిజా, నాజాయిజా అన్న బహెస్ ఇక్కడ పెట్టడం లేదు. అది పెద్దల దగ్గర తేల్చుకోండి. నేను మాట్లాడబోయేది హిస్సాల గురించి, ఇజ్జత్ గురించి.

ముందు ఆ గలత్ ఫహమీ తీర్చేస్తా. అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో 'నా రిలీజియన్ పోతోంది' అనేది ఒక పాత ముహావరా. సబర్ అంతా అయిపోయింది, ఇంకొక్క మాటంటే మర్యాద తప్పేలా ఉన్నా అని దాని మతలబ్. మజహబ్‌కీ దానికీ లేనాదేనా ఏమీ లేదు. తెలుగులో 'నా తల తినకు' అంటాం. ఇంట్లో పిల్లల్ని 'దిమాగ్ మత్ ఖా' అంటాం. ఎవడో ఇంగ్లిషువాడు దాన్ని పదం పదం విడదీసి, వీళ్లు మనుషుల మెదళ్లు తింటారట అని రాస్తే ఎలా ఉంటుంది? మేం చేసింది అదే. ఆ పాటలో ఉన్నది దీన్ వదిలేసిన మనిషి కాదు. మనసులోని ఇష్టం అవతలివాళ్లకి చేరిందో లేదో తెలియక లోలోపల నలిగిపోయే మనిషి. మన గజల్ వినేవాళ్లకి కొత్త మనిషేం కాదు.

ఇంకో సంగతి. 1991లో ఆ పాటకి వీడియో తీసినవాడు మన దేశంలో, పంజాబులోని జలంధర్‌లో పుట్టిన తర్సేమ్ సింగ్. రెక్కలున్న ముసలివాడు, చీకట్లో ఒకవైపు నుంచి పడే వెలుతురు, మన క్యాలెండర్ బొమ్మల్లాంటి రంగులు అందులో కనిపిస్తాయి. ఆ ఏడాది ఎంటీవీ వాళ్లు దాన్నే 'వీడియో ఆఫ్ ద ఇయర్'గా ఎంచారు. మా అమ్మాయికి ఈ సంగతి నేను చెబితే తెలిసింది. అంతవరకూ మ్యాచ్ బరాబర్.

అసలు నన్ను పట్టి ఆపింది పాట కాదు. పాట కింద రాసిన పేర్లు. బెర్రీ, బక్, మిల్స్, స్టైప్. అక్షర క్రమంలో నాలుగు పేర్లు. ఇంకో పాట చూశా, అవే నాలుగు. మరో ఆల్బమ్ చూశా, అక్కడా అవే. వాళ్లు కట్టిన పాట ఏదైనా, అది ముందు ఎవరి బుర్రలో పుట్టినా, ఎవరు వాయించినా వాయించకపోయినా, కింద నలుగురి పేర్లూ ఉంటాయి. పాట రాసినందుకు వచ్చే డబ్బు కూడా నలుగురికీ బరాబర్. ఒక నెల కాదు, ఒక ఏడాది కాదు, నలుగురూ కలిసి ఉన్న 17 ఏళ్లూ ఇదే ఖాయిదా.

అది చూడగానే నాకు మా పెద్ద మామూ డ్రమ్ము గుర్తొచ్చింది.

మాది ఖమ్మం జిల్లా. పెద్ద మామూ పెళ్లిళ్లకి బ్యాండ్ మేళం నడిపేవాడు. క్లారినెట్ ఆయనది. ట్రంపెట్ ఊదే చాచా, పెద్ద డ్రమ్ము కొట్టే ఒకాయన, సైడ్ డ్రమ్ము కొట్టే కుర్రాడు, నలుగురూ ఒకే గల్లీవాళ్లు. చీటీ ఎత్తుకుని, ఆడవాళ్ల కమ్మలు కుదువ పెట్టి వాయిద్యాలు కొన్నారు. మొదటి రెండు సీజన్లు, వచ్చిన డబ్బు దస్తీ పరిచి అందులో పోసి నాలుగు వాటాలు వేసుకునేవాళ్లు. మూడో సీజన్‌లో మామూకి ఒక ఖయాల్ వచ్చింది. మేళం కుదిర్చేది నేను, బయానా తీసుకునేది నేను, పెళ్లివాళ్ల తిట్లు తినేది నేను, మరి డబుల్ హిస్సా ఎందుకు ఉండకూడదని. ఎవర్నీ అడగలేదు. పెద్ద డ్రమ్ము మీద తన పేరు రాయించాడు.

రాసింది నేనే. పన్నెండేళ్లవాణ్ణి, చేతిరాత బాగుండేది. ఎర్ర ఎనామిల్ పెయింటుతో పైన తెలుగులో, కింద ఉర్దూలో రాశా. ఐదు రూపాయలిచ్చాడు మామూ. ట్రంపెట్ చాచా గుమ్మం దగ్గర నిలబడి బీడీ కాలుస్తూ నేను రాసేదంతా చూశాడు. ఒక్క మాటా అనలేదు. తర్వాతి సీజన్‌కి ఆయన రాలేదు. ఆయన వెనకే సైడ్ డ్రమ్ము కుర్రాడూ పోయాడు. మామూ, చాచా ఒకే మస్జిద్‌లో, ఒక్కోసారి ఒకే సఫ్‌లో నమాజు చదివేవాళ్లు. సలాం మాత్రం ఉండేది కాదు. ఇరవై ఎనిమిదేళ్లు.

అందుకే ఆ నాలుగు పేర్లు చూసి అంత ఆశ్చర్యపోయా. వీళ్లు ఎలా నెగ్గుకొచ్చారు?

జార్జియా రాష్ట్రంలో ఏథెన్స్ అని ఒక యూనివర్సిటీ ఊరుంది. మన పిల్లలు చాలామంది ఉద్యోగాలు చేసే అట్లాంటాకి 110 కిలోమీటర్ల దూరం. అక్కడ రికార్డులు అమ్మే దుకాణంలో పీటర్ బక్ పనిచేసేవాడు. మైకేల్ స్టైప్ అక్కడికి రికార్డుల కోసం వచ్చేవాడు. అలా దోస్తీ అయింది. బిల్ బెర్రీ, మైక్ మిల్స్ మేకన్ అనే ఊళ్లో స్కూలు నుంచీ తెలిసినవాళ్లు. మొదట్లో వాళ్లిద్దరికీ అస్సలు పడేది కాదట. నలుగురూ 1980 ఏప్రిల్ 5న, వాడకంలో లేని ఒక పాత చర్చిలో, దోస్తు పుట్టినరోజు పార్టీలో మొదటిసారి వాయించారు. అప్పటికి బ్యాండ్‌కి పేరు కూడా లేదు. తర్వాత డిక్షనరీ తిరగేసి ఒక ముక్క ఎంచుకున్నారు.

ఆ రోజుల్లో పెద్ద కంపెనీల రేడియోలు ఇలాంటివాళ్ల పాటలు వేసేవి కావు. యూనివర్సిటీల్లో పిల్లలు నడుపుకునే చిన్న రేడియో స్టేషన్లే వేసేవి. ఆ దారిన పైకొచ్చిన మ్యూజిక్‌నే తర్వాత ఆల్టర్నేటివ్ రాక్ అన్నారు. బజార్‌లో నడిచే మాల్‌కి బదులుగా ఇంకోటి అని అర్థం చేసుకోండి. నలుగురూ ఒక పాత నీలం వ్యాన్‌లో ఊరూరా తిరిగారు. తిండికి తలా రోజుకి 2 డాలర్లు. నలుగురికీ హిస్సా బరాబర్ అనుకున్నది ఆ పేదరికంలోనే. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్లీ దీని దగ్గరికి వస్తా.

1983లో మొదటి ఆల్బమ్ 'మర్మర్' వచ్చింది. మైకేల్ జాక్సన్ 'థ్రిల్లర్' ప్రపంచాన్ని ఊపేస్తున్న ఏడాది అది. అయినా రోలింగ్ స్టోన్ పత్రిక క్రిటిక్స్ ఆ సంవత్సరానికి 'మర్మర్'నే మొదటి స్థానంలో పెట్టారు. నేను మూడు రాత్రులు విన్నా. స్టైప్ ఏమంటున్నాడో సగం అర్థం కాదు. నాకే కాదు, ఇంగ్లిషు పుట్టుకతో వచ్చినవాళ్లకీ అర్థం కాలేదు. నోట్లోనే నమిలినట్టు పాడతాడు. చిన్నప్పుడు దర్గాలో ఫార్సీ కలామ్ విన్నట్టు ఉంది నాకు. అర్థం తెలియదు, గుండెకి మాత్రం ఏదో తగులుతుంది. బక్ గిటార్‌ని దబదబా బాదడు. తీగల్ని ఒక్కొక్కటిగా మీటుతూ పోతాడు, గిన్నెలో చిల్లర పైసలు రాలినట్టు. మిల్స్ బేస్ గిటార్ వెనక నిలబడి తాళం వేయదు, తనూ ఒక పాట పాడుతుంటుంది. వెనక వరసలో అతని గొంతు కలుస్తుంది. బెర్రీ డ్రమ్ము అవసరానికి మించి ఒక్క దెబ్బ కొట్టదు. ఎవరు ముందు, ఎవరు వెనక అని చెప్పలేం. వాటాలెంత బరాబరో వినికిడి కూడా అంతే బరాబర్.

పేర్లు ఒక్కటే కాదు. వాళ్ల మధ్య ఇంకో ఖాయిదా ఉండేది. ఏ నిర్ణయానికైనా నలుగురూ హా అనాలి. ఒక్కడు నై అంటే ఆ పని ఆగిపోవాలి. ఇది మెజారిటీ కాదు, ఇక్కడే అసలు తేడా ఉంది. మెజారిటీలో ముగ్గురు కలిసి నాలుగోవాణ్ణి ఓడించొచ్చు. ఇక్కడ ఆ నాలుగోవాణ్ణి ఒప్పించాలి, లేకపోతే పని మానుకోవాలి. మష్వరా అనే మాట మనం ఎంత తేలిగ్గా వాడతాం! పెద్దాయన ముందే అనుకుని వచ్చి, అందరూ తల ఊపితే దాన్ని మష్వరా అంటున్నాం. పెళ్లి సంబంధం దగ్గర్నుంచి ప్లాటు అమ్మకం దాకా మన ఇళ్లలో జరిగేది అదే. అడగడం వేరు, చెప్పడం వేరు.

దీనికి జవాబుగా మీరు అడగబోయే సవాల్ నాకు తెలుసు. ఒకడు ఎక్కువ కష్టపడి, ఇంకొకడు హాయిగా కూర్చుంటే బరాబర్ హిస్సా ఇన్సాఫ్ ఎలా అవుతుంది? అది జుల్మ్ కాదా? మా మామూ దలీల్ కూడా ఇదే. కొట్టిపారేయదగ్గది కాదు.

లెక్క చూద్దాం. 'లూజింగ్ మై రిలీజియన్' ఎలా పుట్టింది? బక్ కొత్తగా మ్యాండొలిన్ కొని, టీవీ ముందు కూర్చుని నేర్చుకుంటూ ఏదో గిలికాడు. టేపు తిరుగుతోంది. మర్నాడు విని, ఇందులో ఏదో ఉందే అనుకున్నాడు. అమెరికా చార్టులో 4వ స్థానం దాకా వెళ్లిన పాట, 'ఔట్ ఆఫ్ టైమ్' ఆల్బమ్‌ని నంబర్ వన్ చేసిన పాట అక్కడ మొదలైంది. డబుల్ హిస్సా అడిగే హఖ్ ఎవరికైనా ఉంటే ఆ రోజు బక్‌కే ఉండాలి. 1992లో 'ఎవ్రీబడీ హర్ట్స్' వచ్చింది. బతుకు మీద ఆశ పోతున్న కుర్రవాళ్లని ఆగమని చెప్పే పాట. స్టైప్ ఎప్పటిలా నమలకుండా, పదం పదం తేటగా పాడాడు, పిల్లలకి అర్థం కావాలని. దాన్ని ఎక్కువగా కట్టింది ఎవరు? డ్రమ్ము కొట్టే బెర్రీ. తమాషా ఏంటంటే అందులో చాలా భాగం డ్రమ్ముల బదులు చవక డ్రమ్ మెషీన్ మోగుతుంది. అదే ఆల్బమ్‌లో 'నైట్‌స్విమింగ్' అని ఇంకో పాట ఉంది. పియానో మిల్స్‌ది, గొంతు స్టైప్‌ది. బక్ లేడు, బెర్రీ లేడు. కింద మాత్రం నాలుగు పేర్లు.

అంటే ఏంటి? ఈ పాటలో ఎవరిది ఎక్కువ అని వాళ్లు తూచలేదు. తూచి ఉంటే బక్ ప్రతి ఆల్బమ్‌లోనూ మ్యాండొలిన్ దూర్చేవాడు, బెర్రీ తన పాట కోసం కొట్లాడేవాడు, డ్రమ్ము లేకుండానే పాట బాగుందని ఒప్పుకునేవాడు కాదు. తన హిస్సా ఎక్కడికీ పోదన్న భరోసా ఉన్నవాడే, ఈ పాటకి నేను అక్కర్లేదు అని పక్కకి జరగగలడు. నాకు దొరికిన అసలు జవాబు ఇదే. బరాబర్ హిస్సా ఖైరాత్ కాదు. అది పనిని బాగు చేసే హిక్మత్.

ఒక తేడా మాత్రం ఒప్పుకుంటా. ఒకడు పెట్టుబడి పెట్టి, మిగతావాళ్లు జీతానికి పనిచేసే దుకాణంలో ఇది నడవదు. అక్కడ ఖాయిదా వేరు. కానీ అందరూ కమ్మలు కుదువ పెట్టిన చోట, అందరూ ఆకలి పంచుకున్న చోట, డబ్బు రావడం మొదలయ్యాక ఒక్కడు పెద్దాడైపోవడం ఇన్సాఫ్ కాదు. మన అన్నదమ్ముల దుకాణాలు చాలా వరకు ఇలా మొదలైనవే. తగువు మొదలయ్యేదీ ఈ చోటే.

"డబ్బున్నవాళ్లకి సుఖంగా ఉండటం ఆసాన్, భాయ్" అన్నాడు నా ఆఫీసు దోస్తు. నిజమే, వీళ్లు కోట్లు చూశారు. 1996లో వార్నర్ కంపెనీతో ఒప్పందం కొత్తగా రాసుకున్నప్పుడు అది 8 కోట్ల డాలర్లని పత్రికలు రాశాయి. కానీ 2 డాలర్ల తిండి రోజుల్లోనే హిస్సా ఖాయం చేసుకున్నారు కాబట్టే 8 కోట్లు వచ్చినప్పుడు పంచాయితీ లేకపోయింది. డబ్బు వచ్చాక హిస్సాలు తేల్చుకుందాం అనుకునేవాళ్లకి డబ్బు రావడమే గొడవ. పేదరికంలో రాసుకున్న కాగితం అమీరీలో కాపాడుతుంది. అమీరీలో కూర్చుని రాసుకుందామంటే అప్పటికి కలం ఒక్కడి చేతికే పోయి ఉంటుంది.

ఆ డబ్బు ముందు ఒక మనిషి ఏం చేశాడో చూడండి.

1995 మార్చి 1న స్విట్జర్లాండ్‌లోని లోజాన్‌లో వాయిస్తుండగానే స్టేజీ మీద బెర్రీ కుప్పకూలాడు. మెదడులో రక్తనాళం చిట్లింది. వెంటనే ఆపరేషన్ జరిగింది, ప్రాణం దక్కింది. కోలుకుని మళ్లీ టూర్‌కి వచ్చాడు. ఆ టూర్‌కి నజర్ తగిలినట్టే ఉంది. తర్వాత మిల్స్‌కి కడుపు ఆపరేషన్, స్టైప్‌కి హెర్నియా ఆపరేషన్. అలా తిరుగుతూనే ఇంకో ఆల్బమ్‌కి చాలా పాటలు రికార్డు చేశారు. 1997 అక్టోబర్‌లో బెర్రీ నేనిక చేయలేనని చెప్పేశాడు. కొత్త ఒప్పందం అయ్యి అప్పటికి ఏడాది పైచిలుకు. ఒక షర్తు మాత్రం పెట్టాడు. నేను వెళ్లిపోతే మీరు బ్యాండ్ మూసేసే పనైతే నేను వెళ్లను, ఉండిపోతా అన్నాడు. మీరు నడుపుతామని మాటిస్తేనే వెళ్తా అన్నాడు. వాళ్లు మాటిచ్చారు. అతను ఏథెన్స్ దగ్గర్లో తన పొలానికి పోయి గడ్డి పండించుకున్నాడు.

వెళ్లేవాడు ఉండేవాళ్ల బాగు చూసి వెళ్లడం, ఉండేవాళ్లు వెళ్లేవాడి మీద మచ్చ వేయకపోవడం. మన దగ్గర ఎవరైనా ఉమ్మడి వ్యాపారంలోంచి బయటికొస్తే ఆ సాయంత్రానికే అతని మీద ఎన్ని కథలు! గల్లాపెట్టె ఖాళీ చేశాడని, బీవీ మాట విన్నాడని. రుఖ్సత్ అనే అందమైన మాట మన జబాన్‌లో ఉంది. పెళ్లికూతురికి తప్ప ఇంకెవరికీ దాన్ని ఇవ్వం.

మిగిలిన ముగ్గురికీ అంతా సాఫీగా జరిగిందని చెబితే అబద్ధం అవుతుంది. 1998లో 'అప్' ఆల్బమ్ చేసేటప్పుడు ముగ్గురూ విడిపోయే అంచుదాకా వెళ్లారు. నాలుగు కాళ్ల మంచానికి ఒక కాలు తీసేస్తే మొదట్లో అలాగే ఉంటుంది మరి. డ్రమ్ము కొట్టడానికి తర్వాత వేరేవాళ్లని పెట్టుకున్నారు, మంచి కళాకారుల్నే. కానీ ఎవర్నీ బ్యాండ్ మెంబర్ అనలేదు. బెర్రీ కుర్సీ పదమూడేళ్లకి పైగా అలాగే ఉంచారు. అమెరికాలో అమ్మకాలు పడిపోయాయి. 2004లో వచ్చిన 'అరౌండ్ ద సన్' నాకూ నచ్చలేదు. పాటల్లో ప్రాణం లేదు. బక్ కూడా తర్వాత దాన్ని బాహాటంగానే తీసిపారేశాడు. 2008లో 'యాక్సెలరేట్'తో కొంచెం నిలదొక్కుకున్నారు. 2011 మార్చిలో ఆఖరి ఆల్బమ్ వచ్చింది. కంపెనీకి ఇచ్చిన మాట తీరింది.

2011 సెప్టెంబర్ 21న ఖామోషీగా ఒక ఎలాన్ చేశారు. ఇక చాలు, ముగిస్తున్నాం అని. కోర్టు లేదు, ఒకరి మీద ఒకరు ఇంటర్వ్యూలు లేవు. మెహ్ఫిల్‌కి వెళ్లడంలో అసలు హునర్ ఎప్పుడు లేవాలో తెలియడమే అన్న అర్థంలో స్టైప్ ఒక మాట రాశాడు. ఎన్ని ముషాయిరాలు చూశాను నేను! జనం చెప్పులు వెతుక్కుంటున్నా మైకు వదలని పెద్దల్ని చూశా. అందుకే ఆ మాట చదివి నవ్వొచ్చింది, కొంచెం రష్క్ కూడా కలిగింది.

అన్నిటికన్నా నాకు నచ్చిన దృశ్యం 2024 జూన్‌ది. పాటలు రాసేవాళ్లకి ఇచ్చే పెద్ద ఇజ్జత్, సాంగ్‌రైటర్స్ హాల్ ఆఫ్ ఫేమ్. న్యూయార్క్‌లో ఆ రాత్రి ఈ బ్యాండ్‌కి ఇచ్చారు. ఎవరికి ఇచ్చారు? నలుగురికీ. పాటల కింద నాలుగు పేర్లూ ఉన్నాయి కాబట్టి నలుగురినీ పిలవక తప్పలేదు. పొలం నుంచి బెర్రీ కూడా వచ్చాడు. జుట్లు నెరిశాయి. నలుగురూ నిలబడి ఒక్క పాట వాయించి కూర్చున్నారు. ఏ పాటో మీరే ఊహించండి. మా బేగం హడలిపోయిన పాటే. మళ్లీ కలవాలంటే ఏం జరగాలి అని ఎవరో అడిగితే, తోకచుక్క రావాలి అని మిల్స్ హాస్యమాడాడు. కలవలేనంత పగ ఉన్న మాట కాదది. ముగించింది ముగించినట్టే ఉండాలన్న మాట.

ఆ వీడియో నేను మా అమ్మాయితో కలిసి చూశా. బేగం కూడా వెనక నిలబడి చూసింది. "అందరూ మంచిగానే కనబడుతున్నారు" అంది. అది ఆమె సర్టిఫికెట్.

ఆ మర్నాడు ఖమ్మం వెళ్లా. మామూ పోయి నాలుగేళ్లయింది. ట్రంపెట్ చాచా ఉన్నాడు, ఎనభై దగ్గర పడ్డాయి. పళ్లు లేవు కాబట్టి ట్రంపెట్ కూడా లేదు. చాయ్ తాగుతూ చెప్పా, ఆ డ్రమ్ము మీద పేరు రాసింది నేనే చాచా, ముఆఫ్ చేయండి అని. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు. "పేరు ఏముంది బేటా. మేళం మీ మామూ పేరుతోనే నడవనీ అని నేనే అనేవాణ్ణి. డబుల్ హిస్సా కూడా ఇచ్చేవాణ్ణేమో. నన్ను ఎవరూ అడగలేదు. అంతే."

బస్సులో వస్తూ ఆ మాటే అనుకున్నా. ఇరవై ఎనిమిదేళ్ల పగకి డబ్బు కారణం అని మా ఖాందాన్ మొత్తం అనుకుంది. కారణం ఒక్క సవాల్. అడగని సవాల్. ఏథెన్స్‌లో నలుగురు కుర్రాళ్లు ఇరవై ఏళ్ల వయసులో ఆ సవాల్ అడగడం నేర్చుకున్నారు. ఒక్కడు నై అన్నా ఆగుదాం అనుకున్నారు. అందుకే వాళ్ల పాటల కింద నాలుగు పేర్లు ఉన్నాయి, నలుగురి మధ్యా సలాం ఉంది.

మీ ఇంట్లో అన్నదమ్ములు కలిసి ఏదైనా మొదలుపెడుతుంటే, అది టిఫిన్ బండి అయినా, మెకానిక్ షెడ్డు అయినా, హిస్సాల మాట ఇప్పుడే తేల్చుకోండి. జేబులో ఏమీ లేనప్పుడే రాసుకోండి. బోర్డు రాయించే ముందు, గుమ్మం దగ్గర చప్పుడు చేయకుండా నిలబడ్డ మనిషిని లోపలికి పిలిచి ఒకసారి అడగండి. పేరు ఎలా రాయమంటారని.